నోరున్న బక్షీసు

షామ్‌బర్గ్‌లోని గిరిజ టిఫిన్స్‌లో మధ్యాహ్నం మూడింటికి తలుపు మీద బోర్డు తిప్పేస్తారు. మళ్ళీ ఐదున్నరకే తెరవడం. ఈలోగా చట్నీ గిన్నెలు కడగాలి, సాయంత్రానికి ఉల్లిపాయలు తరగాలి, దోసెల పెనం గీకాలి. ఇవన్నీ మొదలుపెట్టకముందు పనివాళ్ళందరూ ఏడో నంబరు బల్ల చుట్టూ చేరి టీ తాగుతూ, ఆ పూట వచ్చిన బక్షీసు వింటారు.

అవును, వింటారు. లెక్కపెట్టడం తర్వాత. ఆ హోటల్లో బల్ల మీద వదిలిన నోటు, ఎవరి కోసం వదిలారో వాళ్ళ చెయ్యి తగలగానే ఒక్కసారి మాట్లాడుతుంది. గొంతు, నోటు ఇచ్చినవాళ్ళది. మాట, ఇచ్చేటప్పుడు వాళ్ళ మనసులో ఏముందో అది. ఒక్కసారే, అంతే. ఆ తర్వాత అదీ మామూలు డబ్బే, కారులో గ్యాస్ కొట్టించుకోవచ్చు, పాలు కొనుక్కోవచ్చు.

"నెలాఖరండీ, ఇంతకంటే లేదు, ఏమనుకోకండి" అంటుంది ఒకటి. "నాలుగు ఇడ్లీలకి ఇరవై శాతమా, ఇవ్వకపోతే పక్కబల్లవాళ్ళు చూస్తారు, ఖర్మ!" అంటుంది ఇంకొకటి. దానికి అందరూ నవ్వుతారు. కిందటి వారం ఒక పదిడాలర్ల నోటు మాత్రం "లేఆఫ్ మెయిల్ పొద్దునే వచ్చింది, ఇంట్లో ఎలా చెప్పాలో తెలీడం లేదు" అంది. ఆ రోజు ఎవరూ టీ పూర్తిగా తాగలేదు. ఆయన మళ్ళీ వస్తే కాఫీకి డబ్బులు తీసుకోవద్దని హోటల్ యజమానురాలు గిరిజ కౌంటర్లో చెప్పిపెట్టింది.

ఈ సంగతి వచ్చే కస్టమర్లకీ తెలుసు. తమ నోటు ఏం కూస్తుందో అని భయమున్నవాళ్ళు కార్డు గీకుతారు. కార్డుకి నోరు లేదు. ఆ స్క్రీన్ మన వైపు తిప్పితే పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు శాతం అని గళ్ళు కనిపిస్తాయి చూడండి, వేలితో ఒకటి నొక్కి బయటపడితే ఎవరి మనసులో ఏముందో ఆ దేవుడికి కూడా తెలీదు. ఈమధ్య అందరూ అదే పని చేస్తున్నారు.

కౌంటర్లో కూర్చునేది కేశవరావుగారు. డెబ్భై దాటిన మనిషి. హైదరాబాదులో ముప్ఫై ఏళ్ళు నిఘంటువు ఆఫీసులో మాటలకి చీటీలు రాశారు. ఇక్కడ కూతురింట్లో ఊరికే కూర్చోలేక ఈ పనిలో చేరారు. ఆయన ముందు ఎవరైనా టిప్పు అన్నారో, అయిపోయారే! చేరిన కొత్తలోనే ఒక తెల్లజాడీ మీద గుండ్రటి అక్షరాలతో "బక్షీసు" అని రాసి కౌంటర్ మీద పెట్టారు.

"అదేంటి బాబాయ్‌గారూ, టిప్ అంటే టు ఇన్‌ష్యూర్ ప్రాంప్ట్‌నెస్, పని చకచకా జరగడానికి ఇచ్చేది అనట కదా, ఎంత మంచి అర్థం!" అంది ఒకసారి గిరిజ.

"శుద్ధ అబద్ధం! ఎవరో తీరిగ్గా కూర్చుని అక్షరాలు పేర్చారు. అసలైతే అది నాలుగొందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో దొంగలు వాళ్ళలో వాళ్ళు వాడుకున్న మాట. చేతికి అందించు అని. నా కౌంటర్ దగ్గర దొంగల మాట వద్దమ్మా."

"సర్లెండి, మీ ఇష్టం" అని గిరిజ లోపలికి వెళ్ళిపోయింది. ఆయనతో మాటల గురించి వాదిస్తే సాంబారు మాడిపోతుందని ఆమెకి అనుభవం.

ఏడో నంబరు బల్ల దగ్గరికి రాని మనిషి ఒక్కతే. శశికళ. మూడేళ్ళుగా ఆమె చోటు వెనక సింకు దగ్గర. బక్షీసులో వాటా తీసుకోదు, వినదు. అందరూ నవ్వుతుంటే అక్కడ నీళ్ళు ఇంకా గట్టిగా తిప్పుతుంది.

మూడేళ్ళ కిందట అలా కాదు. ఆ హోటల్‌కి సగంమంది శశికళ వడ్డన కోసమే వచ్చేవాళ్ళు. మనవాళ్ళకి తెలిసిందే, వద్దంటే వద్దని కాదు, మొహమాటమని. చాలంటే ఇంకొంచెం వెయ్యమని. పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందులోంచి వెయ్యాలి. శశికళ ఆ విద్యలో ఆరితేరిన మనిషి. "ఒక్క ఇడ్లీ ఏం ఆనుతుంది నాన్నా, బక్కచిక్కిపోయావు" అంటూ ఆఫీసుల్లో నలిగి వచ్చిన మగపిల్లలకి ఒకటికి రెండు వేసేది. ఆ నోట్లు ఆమె చేతిలో పలికేవి, "ఇంట్లో తిన్నట్టుంది ఆంటీ" అని. భర్త పోయాక ఒంటరిగా ఉన్న మనిషి, ఆ మాటలతోనే ఇంటికి వెళ్ళి నిద్రపోయేది.

ఒక ఆదివారం నేపర్‌విల్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. నమ్రత, ఆమె భర్త కౌస్తుభ్, వాళ్ళ ఏడేళ్ళ కూతురు హంసిక. పిల్ల ఉత్త ఇడ్లీ తుంచుకుని తింటోంది. శశికళకి ప్రాణం ఉసూరుమంది. పల్లీల పొడి, నెయ్యి తెచ్చింది.

"నో థాంక్యూ ఆంటీ" అంది పిల్ల.

"ఒక్క చెంచా తల్లీ."

"వద్దు" అంది పిల్ల ఈసారి తెలుగులో.

అబ్బ, ఎంత ముద్దుగా వద్దంటోందో అని మురిసిపోయి శశికళ పొడి వేసి, దానిమీద నెయ్యి పోసి, ఇంకో బల్లకి వెళ్ళిపోయింది. పది నిమిషాల్లో పిల్ల పెదాలు ఉబ్బాయి. ఊపిరి అందలేదు. అంబులెన్సు వచ్చింది. పల్లీలు పడవన్న సంగతి అంతదాకా ఇంట్లోవాళ్ళకే తెలియదు. హంసిక నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. బతికింది.

మూడో రోజు శశికళ హాస్పిటల్‌కి వెళ్ళి నమ్రత ముందు చేతులు జోడించి ఏడ్చింది. నమ్రత నేల చూస్తూ "ఇట్స్ ఓకే అక్కా, మీకు తెలీదు కదా" అంది. కౌస్తుభ్ కూడా అదే అన్నాడు. కేసు వెయ్యలేదు, ఒక మాట అనలేదు, మళ్ళీ హోటల్ వైపు రాలేదు.

ఆ ఇట్స్ ఓకే శశికళని తినేసింది. తిట్టి ఉంటే బావుండేది. ఓకే అనేది ఈ దేశంలో తలుపు వేసేసేటప్పుడు కూడా అంటారు, తెరిచేటప్పుడు కూడా అంటారు. ఇది ఏ రకం? లోపల ఏముంది ఆవిడకి? శాపం పెట్టిందా, మరిచిపోయిందా? ఇదొక్కటి తెలిస్తే చాలు ఆమెకి. తెలిసే దారి లేదు. అప్పటినుంచి ఎవరి పళ్ళెంలోనూ ఏమీ వెయ్యలేకపోయింది. తనకి తాను కూడా వండుకోవడం మానేసి, హోటల్లో మిగిలింది నిలబడి తినేది.

ఈ నెలాఖరుకి పని మానేస్తానని గిరిజకి చెప్పేసింది. ఆష్‌బర్న్‌లో పెదనాన్న కూతురు ఉంది, అక్కడ ఒక క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే పని చూసింది. "ఇక్కడ కడిగే గిన్నెలే అక్కడా, దానికి వర్జీనియా దాకా ఎందుకే?" అని గిరిజ బతిమాలింది. "ఆ తలుపు చప్పుడైనప్పుడల్లా వాళ్ళేమో అని గుండె జారుతోంది గిరిజా, ఇక నావల్ల కాదు" అంది శశికళ. టికెట్ కూడా కొనేసింది.

ఇంకా పన్నెండు రోజులున్నాయనగా, ఒక శనివారం మధ్యాహ్నం రెండింటికి, ఆ తలుపు చప్పుడై నిజంగానే వాళ్ళు వచ్చారు. నమ్రత, హంసిక, ఇద్దరే. పిల్ల పొడుగైంది. భుజానికి చిన్న సంచి, అందులో పల్లీలు తగిలితే వెంటనే పొడుచుకోవడానికి ఎప్పుడూ ఉంచుకునే ఇంజెక్షన్. ఆ రోజు దాని పదో పుట్టినరోజు. ఎక్కడికి వెళ్దామంటే ఆ దోసెల హోటల్‌కే అని పట్టుబట్టిందట. గిరిజ వంటింట్లో అందరికీ గట్టిగా చెప్పి, వేరే పెనం కడిగించి, వేరే గరిటె తీయించి, తనే స్వయంగా వడ్డించింది.

శశికళ వంటింటి కిటికీలోంచి ఒక్కసారి చూసింది. పిల్ల దోసె చుట్టూ తిప్పి అంచులు ముందు తింటోంది. బతికున్న పిల్ల, పళ్ళూడి కొత్త పళ్ళొచ్చిన పిల్ల. శశికళ కుళాయి కట్టేసి గిన్నెల మెషిన్ వెనక బియ్యం బస్తా మీద కూలబడింది.

తిన్నాక ఇద్దరూ కౌంటర్ దగ్గరికొచ్చారు. నమ్రత కార్డు తీసింది. కేశవరావుగారు స్క్రీన్ తిప్పారు. హంసిక జాడీ మీద అక్షరాలు కూడబలుక్కుంటోంది, ఆదివారం తెలుగు క్లాసులో గుణింతాలు అయిపోయాయి మరి.

"బ... క్షీ... సు. అంటే ఏంటి తాతగారూ?"

"నువ్వు టిప్ అంటావే, అది."

"మరి టిప్ అనే రాయొచ్చుగా?"

ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు కేశవరావుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇది పారసీకుల మాట తల్లీ. గుర్రాలెక్కి దక్కను దాకా వచ్చి, కోటల్లో కచేరీల్లో తిరిగి తిరిగి మన నోట్లో పడింది. బక్షీదన్ అంటే వాళ్ళ భాషలో ఇవ్వడం. ఇంకా వెనక్కి వెళ్తే మన భాగం అనే మాటకి చుట్టమవుతుందంటారు. నాకున్న దాంట్లోంచి నీకో వాటా అని."

"అంతేనా?"

"అంతే కాదు. తప్పు చేసినవాళ్ళని ఫర్‌గివ్ చెయ్యడానికి కూడా వాళ్ళు ఆ మాటే వాడతారు."

"సేమ్ వర్డా? ఎందుకు?"

"ఎందుకంటే నేనేం చెప్పను! నాకు తోచింది చెప్తాను. రెండూ ఇచ్చేవాళ్ళ చేతిలోనే ఉంటాయి. అవతలివాడు ఇంత ఇవ్వమని లాక్కున్నాడనుకో, అది బక్షీసు కాదు, బిల్లు."

హంసిక జాడీ మీది అక్షరాల మీద వేలు పెట్టి అడిగింది. "ఎవరికి హర్ట్ అయిందో వాళ్ళే ఇవ్వాలా?"

"వాళ్ళే ఇవ్వాలి. వాళ్ళ బదులు వేరేవాళ్ళు ఇస్తే చెల్లదు."

నమ్రత వేలు స్క్రీన్ మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఇరవై శాతం నొక్కలేదు. నో టిప్ నొక్కి బిల్లు మాత్రం కట్టింది. తర్వాత బ్యాగ్‌లో వెతికి ఒక ఇరవై డాలర్ల నోటు బయటికి తీసింది. ఆ హోటల్ నోట్ల సంగతి ఆమెకి తెలీక కాదు. నోటు కౌంటర్ మీద పెట్టి చెయ్యి వెంటనే తియ్యలేకపోయింది. హంసిక తన చిన్న సంచిలోంచి ఒక డాలరు తీసి, మడత విప్పి, అమ్మ నోటు పక్కన పెట్టింది. "నేను రెస్ట్‌రూమ్‌కి వెళ్ళొస్తా" అని వెళ్ళింది. నమ్రత తలుపు దగ్గర కోటు వేసుకుంటూ నిలబడిపోయింది.

కేశవరావుగారు నోట్లు అందుకున్నారు. అవి పలకలేదు. గిరిజ తీసుకుంది, వడ్డించింది తనేగా. ఆమె చేతిలోనూ పలకలేదు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఇవి మనకి కావమ్మా" అన్నారాయన. రెండు నోట్లూ పట్టుకుని వెనక్కి నడిచారు.

శశికళ ఆయన చేతిలోవి చూడగానే లేచి వెనక్కి జరిగింది. "నాకొద్దు బాబాయ్‌గారూ. తిట్టైతే వినలేను. జాలైతే అసలు వినలేను."

"మూడేళ్ళుగా దీనికోసమే కదమ్మా చస్తున్నావు!"

వంటవాళ్ళు మంటలు తగ్గించారు. శశికళ చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. ఇరవై డాలర్ల నోటు పట్టుకుంది. నమ్రత గొంతు వినబడింది.

"దాని నోట్లో ముద్ద పెట్టింది నేనే అక్కా. మీరు పొడి వేసి వెళ్ళిపోయారు, అది పళ్ళెం పక్కకి తోసేసింది. ఆంటీ అంత ప్రేమగా వేస్తే వదిలేస్తావా, బావుండదు, తిను అని నేనే కలిపి పెట్టాను. ఇంట్లో పల్లీ చట్నీ చేస్తే నోరు దురద అనేది, వంకలనుకున్నాను. హాస్పిటల్లో మీరు ఏడుస్తుంటే చెప్పలేకపోయాను. కౌస్తుభ్‌కి ఇప్పటికీ చెప్పలేదు. తప్పంతా మీ మీదే ఉండనిచ్చాను."

నోటు ఊరుకుంది.

శశికళకి ముందు వచ్చింది కోపం. ఎందుకు రాదు? మూడేళ్ళు! తిండి మానుకుంది, మనుషుల్ని మానుకుంది, ఉన్న ఒక్క సంతోషం వడ్డన, అది మానుకుంది. ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా తన చేతుల్ని తనే అసహ్యించుకుంది. ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా! "ఎంత పని చేశావు నమ్రతా" అని పైకే అంది. ఆ ఊపులోనే ఏప్రన్ విప్పి పడేసి బయటికి వెళ్ళబోయింది, అడగడానికి, దులిపెయ్యడానికి. అంతలో కేశవరావుగారు పట్టుకున్న రెండో నోటు ఆమె వేళ్ళకి తగిలింది.

"నేను టూ టైమ్స్ నో చెప్పాను" అంది ఒక్క డాలరు, హంసిక గొంతుతో. "ఫస్ట్ ఇంగ్లిష్‌లో. తర్వాత తెలుగులో. ఎవరూ వినలే. హాస్పిటల్‌లో అందరూ సారీ సారీ అన్నారు, అమ్మకి, డాడీకి, డాక్టర్‌కి. నాకు ఎవరూ చెప్పలే."

శశికళ ఆ నోటు పట్టుకుని అలాగే నిలబడింది. వచ్చిన కోపం వచ్చినట్టే పోయింది, అది వెళ్ళిన చోట సిగ్గు నిండింది. నిజమే. హాస్పిటల్లో ఆ గది గుమ్మం దాకా వెళ్ళింది తను. మంచం మీద పిల్ల కళ్ళు తెరిచే ఉంది. ఆ పిల్లని దాటి తల్లి దగ్గరికి వెళ్ళి చేతులు జోడించింది. తల్లి క్షమిస్తే పిల్ల క్షమించినట్టే అనుకుంది. పిల్లని విడిగా అడగాలని తోచనే లేదు, తనకే కాదు, ఎవరికీ తోచలేదు.

బయటికి వచ్చేసరికి హంసిక తలుపు దగ్గర బెంచీ మీద కూర్చుని మంచు బూట్ల జిప్పు లాక్కుంటోంది. నమ్రత శశికళని చూసి "అక్కా..." అంది.

"విన్నాను. నాకు చాలా కోపం వచ్చింది నీ మీద. దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అంది శశికళ. ఆమెని దాటి వెళ్ళి, నేల తడిగా ఉందని కూడా చూడకుండా పిల్ల ముందు కూర్చుంది.

"హంసికా, నేను గుర్తున్నానా?"

పిల్ల తలూపింది.

"నువ్వు వద్దన్నావు. రెండుసార్లు వద్దన్నావు. నాకు వినబడింది తల్లీ. వినబడి కూడా వేశాను. నువ్వు చిన్నపిల్లవి, నీకేం తెలుసు, నాకే తెలుసు అనుకున్నాను. తప్పు నాదే. నన్ను క్షమించమని నిన్ను అడగడానికి వచ్చాను. అప్పుడే అడగాల్సింది."

నమ్రత కోటు సగం తొడుక్కుని, సగం వేలాడుతుండగానే వచ్చి శశికళ పక్కన కూర్చుంది. "నోరు దురదని ఎన్నిసార్లు చెప్పావు నాన్నా. నేను నమ్మలేదు. నేనే తినిపించాను. సారీ హంసీ. ఇంటికెళ్ళాక డాడీకి కూడా చెప్తాను."

ఇద్దరు పెద్దవాళ్ళు తన బూట్ల దగ్గర కూర్చుని ఏడుస్తుంటే హంసిక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇక్కడి పిల్లలకి నడక కంటే ముందే నేర్పే మాట ఒకటుంది, ఇట్స్ ఓకే అని. ఎవరు సారీ అన్నా టక్కున వచ్చేస్తుంది. హంసిక నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది. జిప్పు పైదాకా లాగి, రెండో బూటు జిప్పు కూడా లాగింది.

"నేను ఆలోచించాలి" అంది.

నమ్రత కంగారుగా ఏదో అనబోయింది, అదేంటి ఆంటీ అంతలా అడుగుతుంటే అనే కాబోలు. శశికళ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆలోచించుకో తల్లీ. నెల పట్టినా సరే, ఏడాది పట్టినా సరే. ఇవ్వకూడదనిపిస్తే ఇవ్వకు. ఏదైనా వచ్చి నాకే చెప్పు. నేనిక్కడే ఉంటాను."

ఆ మాటకి కౌంటర్ వెనక గిరిజ ముక్కు చీదుకుంది. కేశవరావుగారు కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకుని మళ్ళీ తీశారు.

ఆష్‌బర్న్ టికెట్ డబ్బులు సగమే వెనక్కి వచ్చాయి. సోమవారం నుంచి శశికళ మళ్ళీ బల్లల దగ్గరికి వచ్చింది. పాత కస్టమర్లకి ఆమె వడ్డన కొత్తగా ఉంటోంది. పళ్ళెం పక్కన గరిటె పట్టుకుని నిలబడి, వెయ్యమంటారా అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. వద్దంటే వెళ్ళిపోతుంది. కొందరికి అది నచ్చడం లేదు, శశికళకి పెద్ద గీర వచ్చిందంటున్నారు. అననీ.

నమ్రత వాళ్ళు ఈమధ్య రెండు శనివారాలు వచ్చారు. హంసిక దోసె తిని, కాసేపు శశికళతో స్కూలు కబుర్లు చెప్పి వెళ్ళింది. ఇంకా ఏమీ తేల్చలేదు. శశికళ అడగలేదు.